కిటికీ కోసిన ప్రోగ్రెస్ కార్డు

నేను ఒక ప్రోగ్రెస్ కార్డుని. కంగారుపడకండి, మీది కాదు. ఆ మాట వినగానే మీలో సగంమంది చెయ్యి వెనక్కి దాచుకున్నారని నాకు తెలుసు. తలలు నెరిసినా, పిల్లల్ని కని పెంచినా, నన్ను చూస్తే మీకింకా సంతకం కోసం నాన్న మూడ్ చూసుకుంటూ తలుపు పక్కన నిలబడ్డ సాయంత్రమే గుర్తొస్తుంది. మాకున్న పరపతి అలాంటిది.

పుట్టింది పార్వతీపురం మెయిన్ రోడ్డులో ఒక ప్రెస్సులో. ఆ ఏడు పెళ్ళిళ్ళ సీజనుకని తెప్పించిన పసుపుపచ్చ అట్ట మిగిలిపోతే, దాని మీదే మమ్మల్ని నాలుగొందలమందిని అచ్చు కొట్టారు. ఇంకో నెల ముందు కత్తిరించి ఉంటే ఏ వధూవరుల పేర్లో మోస్తూ, అక్షింతలు తగిలి, ఎవరో ఒకరి ఇంట్లో గౌరవంగా టీవీ మీద ఉండేదాన్ని. అదృష్టం లేదు. మా అట్ట మీద సూర్యుడు, దీపం, హంస బొమ్మలు వేసి, లోపల గడులు గీసి, ఒక కాన్వెంటుకి పంపేశారు. దాని పేరు చెప్పను. చెప్తే నా మీద మళ్ళీ స్టాంపు గుద్దుతారు.

అక్కడ రెండో తరగతి టీచరు సునంద మిస్ నన్ను తెరిచి, 'జి. ఢిల్లీశ్వరి' అని రాసింది. ఏడేళ్ళ పిల్లకి ఆ పేరు చూడండి! ఢ ఒకటి, ల కింద ల, శ కింద వ. పెద్దవాళ్ళకే రాసేటప్పుడు పెన్ను ఒకసారి ఆగుతుంది. ఆ పిల్ల తల్లి పైడితల్లి రైల్వే స్టేషను బయట టిఫిను బండి నడుపుతుంది. తండ్రి చెన్నైలో తాపీపని. బిడ్డ పుట్టినప్పుడు ఘనంగా ఉండాలని ఆ పేరు పెట్టుకున్నారు గానీ, అది రాయవలసింది బిడ్డేనని వాళ్ళకి తట్టలేదు. అందరూ ఢిల్లి అనే పిలిచేవాళ్ళు.

ఆ ఏడాది నాలుగు పరీక్షలు, నాలుగు వరసల మార్కులు. తెలుగు పదకొండు, ఇంగ్లీషు ఆరు. నోటిలెక్కలు మాత్రం వందకి తొంభై. బండి దగ్గర చిల్లర ఇచ్చే పిల్లకి లెక్క రాదంటే నవ్విపోతారు. మరి తెలుగెందుకు పదకొండంటే, అక్కడే ఉంది తమాషా.

ఆ బడిలో చదవడమంటే అప్పజెప్పడం. టీచరు ముందు ఒక వాక్యం అంటుంది, యాభైమంది కోరస్సుగా అరుస్తారు, వీధిలో పోయేవాళ్ళు విని 'ఆహా, ఎంత బాగా చెప్తున్నారో' అనుకుంటారు. ఢిల్లి చెవి పాముచెవి. రెండుసార్లు వింటే పాఠమంతా నోట్లో ఉంటుంది. పుస్తకం తెరిచి, అక్షరాల కింద వేలు పెట్టి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ తీసుకుంటూ గడగడా చెప్పేస్తుంది. వేలొక దారి, నోరొక దారి. అయినా ఎవరికీ అనుమానం రాలేదు. పరీక్షలో మాత్రం తెల్లకాగితం మీద పేరులో మొదటి అక్షరం రాసి, మిగతాదంతా పువ్వుల బొమ్మలేసి ఇచ్చేది.

"చదవమంటే చిలకలా చదువుతుంది, రాయమంటే రాయదు. ఇది రాకపోవడం కాదండీ, పొగరు" అని సునంద మిస్ తీర్పు. ఆవిడ చెడ్డది కాదు. యాభైమందిని ఒక గదిలో కూర్చోబెట్టి, గంట కొట్టేలోపు సిలబస్ పూర్తిచేయమంటే, ఆవిడకి కనబడేది పిల్లలు కాదు, వరసలు.

ఇక కరస్పాండెంటు నాగభూషణం గారి దగ్గరికి వద్దాం. బడి యజమాని. ఆయన లెక్కలో లోకంలో ఉన్న జబ్బు ఒక్కటే, దాని పేరు 'బేస్ వీక్'. పిల్లకి కళ్ళు సరిగా కనబడకపోయినా బేస్ వీక్. చెవులు వినబడకపోయినా బేస్ వీక్. జబ్బు ఒక్కటే కాబట్టి మందూ ఒక్కటే: అదే క్లాసులో ఇంకో ఏడాది. ఇంతకీ ఆ బేస్ అనేది ఎక్కడుంటుంది, ఎవరు కొలిచారు అని నా నాలుగు పేజీలూ నేనే వెతుక్కున్నాను. నాలో దానికి గడే లేదు. అయినా రిమార్కుల వరసలో ఎర్ర ఇంకుతో రాశారు: 'బేస్ వీక్. రెండవ తరగతిలోనే కొనసాగవలెను.'

చిన్నపిల్లల్ని ఇలా ఆపేయకూడదని ప్రభుత్వం అంటుందట. ఆ సంగతి నాగభూషణం గారికి తెలియక కాదు. అందుకే ఆ బడిలో పిల్లల్ని ఎవరూ ఆపరు. తల్లిదండ్రులే వచ్చి, 'మా పిల్లని ఆపండి బాబూ' అని ఉత్తరం రాసి బతిమాలుకుంటారు. ఆ బతిమాలుకునే ఉత్తరం మాత్రం ఆఫీసులో కంప్యూటరు మీద ముందే కొట్టి ఉంటుంది, పేరు దగ్గర చుక్కలు పెట్టి. ఎంత సౌకర్యమో చూడండి!

"చూడమ్మా, బేస్ స్ట్రాంగ్ చేస్తాం. ఇక్కడ సంతకం పెట్టు" అన్నారాయన.

పైడితల్లికి చదవడం రాదు. పెద్దయ్యాక నేర్చుకున్నది సంతకం ఒక్కటే. అది పెట్టాలంటే చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, నాలుక కాస్త బయటపెట్టి, గీత మీద నిలబెట్టి రాసేది. ఆ ఉత్తరం మీదా అలాగే రాసి, నన్ను చంకలో పెట్టుకుని, దణ్ణం పెట్టి ఇంటికొచ్చింది. తను ఏం కోరుకుందో తనకే తెలియకుండా కోరుకున్న తల్లిని నేను అప్పుడే చూశాను. మనుషుల కాగితాల మీద నాకు గౌరవం పోయింది కూడా అప్పుడే.

ఢిల్లి రెండో తరగతిలో రెండో ఏడు కూర్చుంది. అదే గది, అదే పుస్తకం, అదే కుందేలు పాఠం. తోటివాళ్ళు పక్క గదిలోకి వెళ్ళిపోయారు. ప్రార్థనలో ఎత్తు ప్రకారం నిలబెడితే వరస చివర తాటిచెట్టులా తనొక్కతే. కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి వారం 'అక్కా' అన్నారు, రెండో వారం 'ఫెయిలక్కా' అన్నారు. కిందటేడు సగం పుస్తకం నోటికి వచ్చిన పిల్లకి ఈ ఏడు మొత్తం వచ్చేసింది. ఇప్పుడు మధ్యలో ఎక్కడ ఆపి అడిగినా తడుముకోదు. నాగభూషణం గారు విని, "చూశారా, బేస్ పడుతోంది" అని మీసం దువ్వుకున్నారు. ఆ ఏడాది ఆ పిల్లకి కొత్తగా ఒక్క అక్షరం రాలేదు. దాచుకోవడం మటుకు బ్రహ్మాండంగా వచ్చింది.

ఇంట్లో చెల్లెలు హేమ ఒకటో తరగతి. గడుసుది. ఒకరోజు పళ్ళెం ముందు కూర్చుని, "అమ్మా, అక్కని మళ్ళా ఆపీసినారనుకో, వచ్చే ఏడు నేనూ అక్కా ఒకే బెంచీ!" అని చప్పట్లు కొట్టింది. పాపం సంతోషంతోనే అంది. ఢిల్లి అన్నం ముద్ద కిందపెట్టేసింది.

"సెల్లితోపాటు కూకోమంటే నేను బడికెల్లనమ్మా. బండి కాడ పళ్ళేలు కడుక్కుంటాను."

అది అలకతో అన్న మాట కాదని పైడితల్లికి అర్థమైంది. ఆ పిల్ల అన్నంత పనీ చేస్తుంది. నన్ను బండి సొరుగులో జీలకర్ర డబ్బా కింద పెట్టేవాళ్ళు, రాత్రిళ్ళు ఆ బండి ఇంటి గుమ్మంలోనే ఉండేది, నాకన్నీ వినబడేవి. ఆ మాట విన్నప్పటినుంచీ నాలోని ఎర్ర సిరా నాకే మండేది.

రోజూ పొద్దున్న ఆ బండి దగ్గర రెండిడ్లీ తిని బస్సెక్కే ఒక టీచరమ్మ ఉంది, సత్యవేణి గారు. సర్కారు బళ్ళు తిరుగుతూ, చూపు, వినికిడి, చదువు విషయంలో ప్రత్యేకమైన సాయం కావలసిన పిల్లలకి పాఠాలు చెప్తుంది. ఆ రోజు ఢిల్లి బెంచీ మీద కూర్చుని హోంవర్కు 'చదువుతోంది'. పుస్తకం మీద సాంబారు పడితే తుడిచి, మళ్ళీ తెరిచి, వేలు పెట్టి మొదలెట్టింది. ఒక్క తప్పు లేదు. సత్యవేణి గారు మెచ్చుకోబోతూ పేజీ వంక చూసి ఆగిపోయింది. కుందేలు తలకిందులుగా వేలాడుతోంది. పిల్ల పుస్తకం తిరగేసి పట్టుకుంది.

ఇడ్లీ చేతిలోనే ఉండిపోయింది. మెల్లిగా, "ఢిల్లీ, ఈ ఒక్క మాట ఏంటో చెప్పమ్మా" అని మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టింది.

ఢిల్లి పదం వంక చూడలేదు. టీచరు పెదాల వంక చూసింది, అక్కడేమైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు. తల దించుకుంది. కళ్ళనీళ్ళు టపటపా పుస్తకం మీద పడ్డాయి. రెండేళ్ళు యాభైమందిలో దాక్కున్న పిల్ల, ఇద్దరి ముందు దొరికిపోయింది.

"తిట్టకండి టీచరమ్మా, పొగరంట దీనికి" అంది పైడితల్లి గాబరాగా.

"పొగరూ కాదు, బద్ధకమూ కాదు. బుర్ర బంగారం. అక్షరం కంటికి కనబడుతుంది, కానీ దాని చప్పుడు దీనికి తొందరగా అందదు. చదవడం ఒక్కదాన్లోనే ఇబ్బంది. కొంతమంది పిల్లలకి పుట్టుకతోనే ఉంటుంది. అదే పుస్తకం పదేళ్ళు చదివించినా పోదు. వేరే దారిలో నేర్పాలి, రోజూ కొంచెం కొంచెం."

"మరి మల్లీ అదే కలాసులో కూకోబెడితే నయమైపోద్దని సెప్పినారు కదా?"

సత్యవేణి గారు నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది గానీ, నాకు నోరెక్కడిది?

మర్నాడు ఆవిడ బ్లేడు ముక్క తెచ్చి, గట్టి అట్ట ఏదైనా ఉందా అని అడిగింది. పైడితల్లి సొరుగు లాగి నన్ను తీసింది.

"దీన్ని కోసీండి టీచరమ్మా. దీన్ని సూసినప్పుడల్లా నాకు కడుపు మండిపోతాది."

నన్నా! స్కూలు ముద్ర, కరస్పాండెంటు సంతకం, హంస బొమ్మ ఉన్న నన్నా! ఎవరు వింటారు? సత్యవేణి గారు నన్ను రెండుగా చీల్చి, మార్కులున్న సగంలో అడ్డంగా సన్నని కిటికీ కోసింది. పుస్తకంలో ఒక్క వరస మాత్రమే కనబడేంత కిటికీ. పైవరసా కిందవరసా అట్ట వెనక దాక్కుంటే, పిల్ల కన్ను దారి తప్పదట. మొదట మరీ సన్నగా కోసింది, పేజీ మీద పెట్టి చూస్తే అక్షరాల కింద వేలాడే ఒత్తులన్నీ తెగిపోయాయి. "అయ్యో, తెలుగు కదూ! దీనికి కాళ్ళుంటాయి" అని నవ్వి, ఇంకాస్త కిందికి కోసింది. కోసింది ఎక్కడనుకున్నారు? సరిగ్గా రిమార్కుల వరసలో. 'బేస్ వీక్' అన్న ముక్క రాలి, సాంబారు బకెట్టు పక్కన పడి, ఎవరి చెప్పుకో అంటుకుని వెళ్ళిపోయింది. నిజం చెప్పొద్దూ, నొప్పి కన్నా హాయే ఎక్కువైంది.

ఆ రోజునుంచి బస్సు వచ్చేలోపు ఇరవై నిమిషాలు పాఠం. పళ్ళెంలో ఇడ్లీ రవ్వ పరిచి, వేలితో ఒక్కొక్క అక్షరం దిద్దించి, చప్పుడు పలికించి, చెరిపించి, మళ్ళీ దిద్దించేది. మాటని చప్పట్లతో ముక్కలు చేయించేది. ఆ తర్వాత నన్ను పేజీ మీద పెట్టి ఒక్క వరస. నవంబరులో వారానికి మూడు అక్షరాలు. సంక్రాంతి దాటాక ఒత్తులు. ఫిబ్రవరిలో ఒకరోజు బస్సు మీద ఊరి పేరు తనంతట తాను చదివి, ఢిల్లి ఎంత గట్టిగా అరిచిందంటే కండక్టరు దిగి చూశాడు. నేను పెళ్ళి కార్డునైతే ఆ అరుపు వినేదాన్నా?

సత్యవేణి గారు కాన్వెంటుకి కూడా వెళ్ళి చెప్పింది. పరీక్షలో కాస్త ఎక్కువ టైమివ్వండి, ప్రశ్నలు ఒకసారి చదివి వినిపించండి, ఈ అట్టముక్క వాడుకోనివ్వండి అని. నాగభూషణం గారు కాఫీ తెప్పించి, "తప్పకుండా మేడమ్" అన్నారు. ఆవిడ గేటు దాటేలోపే ఆ 'తప్పకుండా' ఆవిరైపోయింది. సునంద మిస్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పనేలేదు.

ఏప్రిల్లో తెలుగు పరీక్ష. ఢిల్లి నన్ను ప్రశ్నపత్రం మీద పెట్టి, మొదటి ప్రశ్న ఒక్కదాన్నే పావుగంట చదివి, జవాబు రాయడం మొదలెట్టింది. వంకరగా, కానీ తన చేత్తో. సునంద మిస్ వచ్చి నన్ను లాక్కుంది.

"స్లిప్పులు పెడుతున్నావా? రెండో క్లాసులోనే?"

నా మీదున్నది ఢిల్లి పాత మార్కులు. పదకొండు, ఆరు. ఆ మార్కులు చూసి ఎవరైనా కాపీ కొడతారా తల్లీ? కానీ పరీక్ష హాలులో ఆలోచించడం టీచర్లకి కూడా నిషేధం అనుకుంటాను. నన్ను ఆఫీసు సొరుగులో పడేశారు. ఆ పక్కన ముందే కొట్టి ఉంచిన ఉత్తరాల కట్ట. ఢిల్లి మిగతా పేపరంతా పువ్వుల బొమ్మలేసి ఇచ్చిందని తర్వాత తెలిసింది.

వారం తిరక్కుండా పైడితల్లిని పిలిచారు. పొద్దున బేరం అయిపోగానే, చేతులకి పిండి ఆరకముందే, ఢిల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. నాగభూషణం గారు అప్పుడే చేతులు కడుక్కుంటున్నారు. ఆయన రోజూ తినే గారెలు పైడితల్లి బండివే. అటెండరు తవుడు పొట్లం కట్టించుకొస్తాడు.

"చూడమ్మా, గారెలు బాగున్నాయి గానీ పిల్ల బాగోలేదు. ఇంకా వీకే. పైగా స్లిప్పు పెట్టింది" అని నన్ను తీసి బల్ల మీద వేశారు. నా పక్కనే ఉత్తరం, దాని మీద పెన్ను. "ఇంకొక్క ఏడాది. చెల్లెలు కూడా అదే క్లాసుకి వస్తోంది కాబట్టి తోడుగా ఉంటుంది. సంతకం పెట్టు."

పైడితల్లి పెన్ను వంక చూసింది. సత్యవేణి గారు ముందే చెప్పి ఉంచింది: నీ సంతకం లేకుండా నీ పిల్లని ఆపలేరు, ఏ కాగితమైనా చదివించుకుని పెట్టు అని. కానీ ఎదురుగా కుర్చీలో పెద్దమనిషి. చెయ్యి దానంతటదే కొంగు మీదికి వెళ్ళి తుడుచుకోవడం మొదలెట్టింది. నాకు గుండె ఉంటే ఆగిపోయేది. 'వద్దు తల్లీ' అని అరుద్దామనుకున్నాను, అట్టముక్క ఎక్కడ అరుస్తుంది!

ఆఖరికి అడిగింది. "అందులో ఏటున్నాది బాబూ?"

"ఏముంటుందమ్మా, మామూలు ఫార్మాట్."

"మా ఢిల్లి సదువుద్దేటో."

ఆయన పెద్దగా నవ్వారు. గుమ్మం దగ్గర నిలబడ్డ సునంద మిస్ కూడా నవ్వబోయి మానేసింది. ఢిల్లి బల్ల దగ్గరికి వచ్చి, ఎవర్నీ అడక్కుండా నన్ను తీసుకుంది. ఉత్తరం మీద నన్ను పరిచి, కిటికీ మొదటి వరస మీదికి జరిపింది. అది ఎప్పుడూ వినని పాఠం. నోటికి వచ్చే అవకాశమే లేదు.

"మా... అ... మ్మా... యి. అమ్మాయి. ఢి... ల్లీ..." ఆగింది. శ కింద వ దగ్గర గుటక వేసింది. "శ్వ... రి... కి. ఢిల్లీశ్వరికి! నా పేరేనమ్మా!"

"సదువు."

"చ... ద... వ... డం. చదవడం. రా... దు. చదవడం రాదు."

ఢిల్లికి దానర్థం మీద ధ్యాసే లేదు, నన్ను కింది వరసకి జరిపే పనిలో ఉంది. "క... ను... క. నా... ఇ... ష్ట... ప్ర... కా... ర... మే..." ఒక్కొక్క ఒత్తు దగ్గరా ఆగి, వేలితో గాల్లో దిద్దుకుని, 'రెండవ తరగతిలోనే' దాకా వచ్చింది. చివర 'కోరుచున్నాను' అన్నది మూడుసార్లు ప్రయత్నించి పట్టుకుంది. ఆ నాలుగు వరసలకి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నాగభూషణం గారు గడియారం చూసుకోవడం మర్చిపోయారు.

"ఇది నేను రాసినానా బాబూ?" అంది పైడితల్లి. గొంతు పెంచలేదు. "నిరుడు నాసేత సంతకం పెట్టించినదీ ఇదేనా? సదవడం రాదని, నా ఇష్టమేనని?"

"ఫార్మాటమ్మా, అది ఫార్మాట్..." అని, ఆయన ఒక్క క్షణంలో తేరుకున్నారు. మామూలు మనిషా! "చూశావా మరి, రెండేళ్ళు ఉంచితే బేస్ ఎంత స్ట్రాంగ్ అయిందో!"

సునంద మిస్ నేల చూపులు చూసింది. ఢిల్లి ఇంకా ఉత్తరం వదల్లేదు. నన్ను అడుగుదాకా జరిపి, కిటికీలోంచి చూసి, తల్లి వైపు తిరిగింది.

"ఇక్కడ ఏటీ నేదమ్మా. కాలీగా ఉంది."

"కాలీగానే ఉండనీ" అంది పైడితల్లి, పెన్ను ఆయన వైపు జరిపేస్తూ.

"సరే, నీ ఇష్టం. రేపు మూడో క్లాసులో పిల్ల ఇబ్బంది పడితే మా బాధ్యత కాదు."

"పడద్ది బాబూ. మూడో కలాసులోనే పడనీయండి. మీరు టయిమిచ్చి, దాని అట్ట దానికిచ్చీండి సాలు." ఉత్తరాన్ని మడిచి బొడ్లో దోపుకుంది. ఆయన చెయ్యి చాపి, ఏమనుకున్నారో మళ్ళీ వెనక్కి తీసుకున్నారు.

ఇప్పుడు నేను మూడో తరగతి తెలుగు పుస్తకంలో ఉంటున్నాను. అంచులు నలిగితే టేపు వేశారు, హంస తోక ఊడింది. ఢిల్లి ఇంకా నెమ్మదిగానే చదువుతుంది, ఇంకా కొన్ని ఒత్తుల దగ్గర గుటకలు మింగుతుంది. హేమ పక్క గదిలో ఉంది. నా సంగతి ఇంతే. మ్యూజియంలో పెట్టే సరుకు కాదు, పాతకాగితాలవాడు కూడా పట్టించుకోడు.

ఆ ఉత్తరం ఏమైందో చెప్పలేదు కదూ? ఆఫీసు నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే తవుడు గారెలకి వస్తే, పైడితల్లి నాలుగు గారెలు ఆ ఉత్తరంలోనే పొందిగ్గా కట్టి ఇచ్చింది, అక్షరాలు పైకి కనబడేటట్టు. ఎప్పుడూ సారుకి పొట్లం ఇచ్చి ఐదు నిమిషాల్లో తన టిఫినుకి తిరిగొచ్చే తవుడు, ఆ రోజు అరగంటకి వచ్చాడు.

"ఏటమ్మా, పొట్లం ఇప్పిన కాడినుంచీ సారు గారెలు ముట్టనేదు. ఆ నూనె కాయితమే సదువుతున్నారు, ఇంకా అవనేదు."

ఢిల్లి పుస్తకంలోంచి నన్ను పైకి తీసి చూపించింది.

"కష్టంగా ఉన్నాదేటో తవుడు మావా. సారుకి కావాలంటే నా అట్ట ఇస్తానని సెప్పు."